కూర్చోబెట్టడం గౌరవం కాదు

అరవై దాటిన మగవాడు బియ్యం బస్తా మీద చెయ్యి వేస్తే చాలు, ఇంటిల్లిపాదీ లేచి వస్తారు. "మీరెందుకండీ, వదిలెయ్యండి" అంటుంది భార్య. "నాన్నా, నేను లేనా?" అంటాడు కొడుకు. డంబెల్స్ కొన్నాడని తెలిస్తే చుట్టాలు ఊరుకోరు. "ఈ వయసులో నీకెందుకు బావా ఇవన్నీ? హాయిగా కృష్ణా రామా అనుకోక!" ఇంట్లో ప్రేమగా, బయట వేళాకోళంగా, ఒక్కోసారి వైద్యుడి నోట సలహాగా కూడా వినపడే ఈ మాటల వెనక నమ్మకం ఒకటే. వయసైన మగవాడి ఒంట్లో మిగిలిన బలం కొద్దిపాటిదట. దాన్ని వాడకుండా దాచుకుంటే ఎక్కువకాలం వస్తుందట.

ఈ నమ్మకం తప్పు. తప్పు మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. మన ఇళ్లలో ఎంతోమంది పెద్దవాళ్లను వేళకు ముందే మంచానికి చేర్చడంలో దీనికి వాటా ఉంది.

అయినా ముందు దాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. ఆ రోజుల్లో అరవై దాకా బతికినవాడంటే, నలభై ఏళ్లకు పైగా కాడి పట్టి, మోట తోలి, బస్తాలు మోసి, అర్ధాకలితో ఒళ్లు అరగదీసుకున్నవాడు. అతన్ని ఇక చాలు, కూర్చోమనడం దయ. ఈనాటికీ డెబ్బై ఏళ్లొచ్చినా కూలికి వెళ్లక తప్పని మనిషికి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి కావలసింది వ్యాయామ బోధ కాదు. పింఛను కావాలి, కడుపునిండా తిండి కావాలి, విశ్రాంతి కావాలి. ఈ వ్యాసం వాళ్ల గురించి కాదు. ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఇంకాస్త మెత్తటి కుర్చీలోకి మారిన మనిషి గురించి. పాత తరం రెక్కల కష్టానికి పుట్టిన దయను ఇవాళ ఎక్కువగా వాడుకుంటున్నది అతనే. అతని పక్షాన చెప్పే వాదనలను వరసగా చూద్దాం.

1. "వయసుతో పోయిన బలం తిరిగి రాదు"

వయసుతో కండ తగ్గుతుంది, నిజమే. నడివయసు నుంచి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చి, అరవై దాటాక ఇంకాస్త త్వరగా తగ్గుతుంది. ఇక్కడిదాకా పేచీ లేదు. పేచీ అంతా తర్వాతి మాటతోనే: "కాబట్టి ఏం చేసినా లాభం లేదు." తగ్గుతుందన్న వాస్తవం నుంచి పెరగదన్న తీర్మానానికి దారి ఎక్కడుంది? ఆ రెంటికీ లంకె ఉందని ఎవరూ చూపలేదు. లేదని చూపినవాళ్లున్నారు.

1990లో అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియటరోన్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్న పదిమందిని ఎంచుకున్నారు. వాళ్ల వయసు 86 నుంచి 96. బలంగా ఉన్నవాళ్లను ఏరుకోలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేనివాళ్లు, కర్ర లేకుండా నడవలేనివాళ్లు ఆ పదిమందిలో ఉన్నారు. వారానికి మూడుసార్లు తొడ కండరాలతో బరువులు ఎత్తించారు. ఏదో కాళ్లు ఆడించడం కాదు, ఒక్కొక్కరు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా పెంచుకుంటూ పోయారు. ఎనిమిది వారాల్లో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. నాలుగేళ్ల తర్వాత అదే బృందం 72 నుంచి 98 ఏళ్ల మధ్య ఉన్న వందమందితో మరో పరీక్ష చేసింది. పది వారాల్లో బలం రెట్టింపు దాటింది. అందులో ఇంకో సంగతి తేలింది. వ్యాయామం లేకుండా పోషకాలు కలిపిన పానీయం మాత్రమే తాగినవాళ్లకు బలం పెరగలేదు. డబ్బాల కొద్దీ బలం పొడులు కొనిచ్చి, వాటిని తాగించి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టే ఇళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

తొంభై ఏళ్లవాడికి వచ్చిన బలం అరవై ఐదేళ్లవాడికి రాదని ఏ ధైర్యంతో చెబుతాం?

ఇప్పుడు ఎదురు ప్రశ్న వేసుకుందాం. వయసు వల్ల పోయిందని మనం అనుకుంటున్న బలంలో నిజంగా వయసు తీసుకుపోయింది ఎంత, కూర్చోవడం తీసుకుపోయింది ఎంత? 1966లో డల్లాస్‌లో ఐదుగురు ఇరవై ఏళ్ల కుర్రాళ్లను మూడు వారాలు మంచం మీదే ఉంచి, వాళ్ల గుండె, ఊపిరి, కండరాలు కలిసి ఎంత శ్రమకు తట్టుకోగలవో కొలిచారు. ముప్పై ఏళ్లు గడిచాక, యాభైలో ఉన్న అదే ఐదుగురిని పిలిచి మళ్లీ కొలిచారు. ముప్పై ఏళ్లలో వయసు చేసిన నష్టం కన్నా యవ్వనంలో మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఆపైన ఆరు నెలలు సాధన చేయిస్తే, ముప్పై ఏళ్లలో పోయిన ఆ సామర్థ్యం వాళ్లకు తిరిగొచ్చింది. 2007లో అచ్చయిన ఇంకో పరీక్షలో, సగటున 67 ఏళ్ల వయసున్న పన్నెండుమంది ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీద ఉంచితే, ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. కేవలం పది రోజుల్లో!

మన ఇళ్లలో జరిగేది ఇదే. చిన్న జ్వరానికి పదిహేను రోజుల మంచం, నడుము పట్టేస్తే నెలరోజుల విశ్రాంతి. ఆపైన ఆయన లేచి తూలుతుంటే "చూశారా, వయసు మీద పడింది" అని ఇంకా గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టడం. కూర్చోబెట్టినందువల్ల వచ్చిన నీరసాన్ని చూపించి, కూర్చోబెట్టడమే సరైనదని రుజువు చేసుకుంటున్నాం.

2. "గుండె ఆగిపోతుంది"

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. జిమ్‌లో బరువెత్తుతూ కుప్పకూలిన మనిషి వీడియో ప్రతి ఫోనులోకీ వచ్చింది. అది చూసిన భార్య మొగుణ్ణి జిమ్ గడప తొక్కనివ్వకపోతే ఆమెను తప్పుపట్టలేం. కానీ సోఫాలో టీవీ చూస్తూ పోయినవాళ్లకు వీడియోలు ఉండవు. కంటికి కనిపించిన చావులనే లెక్కపెట్టి, కనిపించనివాటిని వదిలేసి తీసిన లెక్క ఇది.

అసలు లెక్క 1993లో అమెరికాలో వచ్చింది. గుండెపోటు వచ్చి బతికిన పన్నెండువందల మందికి పైగా మనుషులతో పరిశోధకులు మాట్లాడారు. గుండెపోటుకు ముందు గంటలో వాళ్లేం చేస్తున్నారో, మామూలు రోజుల్లో ఎంత శ్రమపడేవారో ఆరా తీశారు. బాగా శ్రమపడిన తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు మామూలుకంటే ఆరు రెట్లు ఉంటుందని తేలింది. భయపెట్టేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. కానీ అదే అధ్యయనం ఆ ముప్పును మనుషుల్ని బట్టి విడదీసింది. వారానికి ఒక్కసారి కూడా వ్యాయామం చేయనివాళ్లలో ముప్పు 107 రెట్లు. వారానికి ఐదుసార్లు, అంతకు మించి చేసేవాళ్లలో 2.4 రెట్లు. అంటే శ్రమ ప్రాణం తీస్తున్నది ఎక్కువగా దానికి అలవాటు లేని మనిషినే. దీన్నిబట్టి అతన్ని అలవాటు లేనివాడిగానే ఉంచుదామని తీర్మానించడం ఏ తర్కం? బతుకులో అకస్మాత్తుగా శ్రమపడే రోజు ఎవరికైనా వస్తుంది. లిఫ్టు చెడిపోతుంది, రైలు కదులుతుంటుంది, మనవడు రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. ఆ రోజు ఎవరి గుండె నిలబడుతుంది?

ఇంకో విడ్డూరం చూడండి. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఏడాదంతా పాలప్యాకెట్టుకు కూడా స్కూటరు తీసే పెద్దమనిషి మొక్కు పేరుతో ఆ రోజు బయల్దేరితే ఇంట్లో ఎవరూ ఆపరు, దేవుడి పని కదా అంటారు. ఆ 107 రెట్ల ముప్పు ఉన్నది సరిగ్గా అక్కడ. ఆయన్ను ఆ కొండ ఎక్కవద్దనడం నా ఉద్దేశం కాదు. నాలుగు నెలల ముందు నుంచి రోజూ మెట్లు ఎక్కించి అప్పుడు పంపండి.

గుండెకు కదలిక మేలు చేస్తుందన్నది కొత్త ఫ్యాషనూ కాదు. 1953లో జెర్రీ మోరిస్ లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందని చూపించాడు. ఒకప్పటి హైదరాబాద్ డబుల్ డెక్కర్లు ఎక్కినవాళ్లకు ఆ మెట్లు తెలుసు. ఇవాళ స్టెంట్ వేసినవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు కూడా పర్యవేక్షణలో వ్యాయామం చేయించడం చికిత్సలో భాగం. ఛాతీలో నొప్పి, కొద్దిపాటి శ్రమకే ఆయాసం, కళ్లు తిరగడం, అదుపులో లేని బీపీ ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు షుగర్ పడిపోకుండా చూసుకోవాలి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. ఇవి వ్యాయామం మొదలుపెట్టడానికి చెప్పిన జాగ్రత్తలు, మానెయ్యడానికి అనుమతి పత్రాలు కావు.

3. "మోకాళ్లు అరిగిపోతాయి"

స్కూటరు టైరు తిరిగినకొద్దీ అరుగుతుంది కాబట్టి మోకాలూ అంతే అనుకుంటున్నారు. టైరుకు ప్రాణం లేదు, మోకాలి చిప్ప కింది మృదులాస్థికి ఉంది. పైగా దానికి రక్తనాళాలు లేవు. కీలు మీద బరువు పడి వదిలినప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవం అందులోకి ఇంకి, బయటికి వస్తూ దానికి ఆహారం అందిస్తుంది. కదలని కీలుకు ఆ తిండి సరిగా అందదు. ఇక తొడ కండ సన్నబడితే ప్రతి అడుగు అదురూ నేరుగా ఎముకల మీద పడుతుంది. మోకాళ్ల నొప్పికి కూర్చోవడమే మందు అనుకున్నవాడు నొప్పికి కారణాన్నే పెంచి పోషిస్తున్నాడు.

కీళ్ల అరుగుదలకు బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు మొదట చెప్పేది వ్యాయామం, అవసరమైతే బరువు తగ్గడం. మాత్రలు ఆ తర్వాతే. చివరికి మోకాలి మార్పిడి ఆపరేషనే చేయించుకున్నా, ఆ రోజో మర్నాడో నిలబెట్టి నడిపిస్తారు, వారాల తరబడి తొడ కండకు కసరత్తు చేయిస్తారు. లక్షలు పోసి కీలు మార్పించుకున్నాక ఎలాగూ చెయ్యక తప్పని పని, సొంత కీలు ఉండగా ఎందుకు చెయ్యకూడదు? మొదట్లో కాస్త నొప్పి ఉంటుంది. మర్నాటికి సర్దుకునే నొప్పి అయితే కొనసాగించవచ్చు. కీలు వాచినా, రోజురోజుకూ నొప్పి ఎక్కువవుతున్నా తగ్గించి, ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.

4. "రోజూ వాకింగ్ చేస్తూనే ఉన్నా కదా"

ఇది కాస్త చదువుకున్నవాళ్ల వాదన, పైవాటి కంటే మర్యాదైనది. హైదరాబాద్ కేబీఆర్ పార్కులో, విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున కనిపించే రిటైరైన పెద్దలందరినీ నేను గౌరవిస్తాను. మంచం దిగి అంత దూరం వచ్చినవాళ్లు సగం యుద్ధం గెలిచారు. మిగతా సగం గురించి వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 65 దాటినవాళ్లకు మూడు పనులున్నాయి. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ. వారానికి కనీసం రెండు రోజులు కండ బలం పెంచే వ్యాయామం. వారానికి మూడు రోజులు నిలకడకు, బలానికి కలిపి సాధన. కబుర్లు చెప్పుకుంటూ వేసే నాలుగు రౌండ్లు మొదటిదాంట్లోనే అరకొరగా సరిపోతాయి. నడక కాళ్లను ముందుకు తీసుకెళ్తుంది. నేల మీంచి ఒంటిని పైకి లేపే బలం దానివల్ల పెద్దగా రాదు, కాలు జారినప్పుడు నిలదొక్కుకునే నేర్పు అంతకన్నా రాదు. పెద్ద వయసులో మనిషిని పడగొట్టేది ఆ రెండూ లేకపోవడమే. 2019లో 108 పరీక్షలను కలిపి చూసిన సమీక్షలో, వ్యాయామం వల్ల పడిపోవడాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. ఆ మేలు తెచ్చినవి ప్రధానంగా నిలకడ సాధనలు, లేచి కూర్చునే తరహా కసరత్తులు. ఉత్త నడకకు అలాంటి రుజువు దొరకలేదు. పడి తుంటి ఎముక విరిగితే ఆడవాళ్ల కంటే మగవాళ్లే ఎక్కువగా చనిపోతారన్నది కూడా ఇక్కడే గుర్తుచెయ్యాలి.

కంచం సంగతి కూడా ఇక్కడే. "వయసైంది, తేలిగ్గా తినాలి" అని రాత్రికి రెండు ఇడ్లీలతో సరిపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో తయారైన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వయసు మళ్లినవాళ్లకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా ఉండాలని అంతర్జాతీయ నిపుణుల బృందాలు చెబుతున్నాయి. అరవై కిలోల మనిషికి 60 గ్రాములకు తక్కువ కాకూడదన్నమాట. అన్నం, పులుసు, పచ్చడి, మజ్జిగలతో అది రాదు. ముద్దపప్పు, గుడ్డు, చేప, శనగలు, గట్టి పెరుగు పూటపూటా ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

5. "మన తాతలు ఏ జిమ్‌కు వెళ్లారు?"

వెళ్లలేదు. నాగలి పట్టారు, ఏతాం తొక్కారు, కావిడి మోశారు. పంక్తిలో నేల మీద కూర్చుని తిని, చెయ్యి ఆనించకుండా లేచారు. ఊరికీ ఊరికీ మధ్య కాలినడకన తిరిగారు. ఆ శ్రమ అంతా తీసేసి, వాళ్ల పేరు మాత్రం వాడుకోవడం అన్యాయం. గాంధీ 1930లో దండికి నడిచినప్పుడు ఆయనకు 60 ఏళ్లు. 24 రోజుల్లో దాదాపు 385 కిలోమీటర్లు. వినోబా భావే 1951లో వార్ధా ప్రాంతం నుంచి హైదరాబాద్ పక్కన శివరాంపల్లికి నడిచే వచ్చాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో మొదలైన భూదానం కోసం, అప్పటికే 55 ఏళ్ల వయసులో కడుపులో పుండుతో బాధపడుతున్న ఆ మనిషి తర్వాత పదేళ్లకు పైగా దేశమంతా కాలినడకన తిరిగాడు. వానప్రస్థం అని శాస్త్రం ఎత్తేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. అడవికి వెళ్లి, కట్టెలూ కందమూలాలూ తెచ్చుకుని, ఏటి నీళ్లు మోసుకుని బతకమన్నది ఆ శాస్త్రం. సోఫాలో కూర్చోమనలేదు.

6. "పెద్దాయనకు పని చెప్పడం మర్యాదేనా?"

అసలు వాదన ఇది. గుండె, మోకాళ్లు అన్నీ పైకి చెప్పుకునే కారణాలు. అడుగున ఉన్నది హోదా. మన సంసారాల్లో మగవాడి పెద్దరికానికి గుర్తు పని చెయ్యకపోవడం. మంచినీళ్లు చేతికందిస్తారు, తిన్న కంచం ఎవరో తీస్తారు, తువ్వాలు ఎవరో తెస్తారు, చెప్పులు గుమ్మం దాకా వస్తాయి. ఎంత తక్కువ కదిలితే అంత పెద్దమనిషి. పదవీ విరమణ సభలో శాలువా కప్పి "ఇక మీ శేష జీవితం విశ్రాంతిగా గడవాలి" అని దీవిస్తారు. విన్నవాళ్లంతా చప్పట్లు కొడతారు. ఒక మనిషి కాళ్లలో బలాన్ని హరించే దీవెన అది.

ఈ మర్యాద ఎవరికి దక్కుతోందో చూడండి. అదే ఇంట్లో కాస్త అటూ ఇటూగా అదే వయసు ఆడమనిషి ఉంటుంది. ప్రభుత్వోద్యోగికి ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు, తెలంగాణలో 61 ఏళ్లకు విరమణ. అతని భార్యకు విరమణ ఇచ్చే జీవో ఏదీ లేదు. తెల్లారి లేచి వాకిలి ఊడుస్తుంది, తడి బట్టల బకెట్టు డాబా మీదికి మోస్తుంది, మనవణ్ణి చంకనేసుకుని వంట చేస్తుంది. "ఈ వయసులో నీకెందుకమ్మా" అని ఆమెను ఏ చుట్టమూ అడగడు. వయసైన ఒంటికి శ్రమ నిజంగా ప్రమాదమైతే ఆమెకు ఎందుకు ప్రమాదం కాలేదు? కూర్చోబెట్టేవాళ్లు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలి. ఆమె మోస్తున్న చాకిరీ గొప్పదని నేను అనడం లేదు. అందులో సగం ఆయన పంచుకోవలసింది. పంచుకుంటే ఆమె నడుముకూ మేలు, ఆయన కాళ్లకూ మేలు.

ఇక పర్యవసానాలు చూద్దాం. అరవై రెండేళ్లకు కుర్చీలో కూర్చున్న మనిషి డెబ్బై రెండుకు కుర్చీలోంచి లేవలేడు. మొదట కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ కావాలి. తర్వాత పట్టుకుని లేపడానికి మనిషి కావాలి. ఆ లేపేది ఎవరు? డెబ్బైకి దగ్గరపడ్డ భార్య, తన నడుమునొప్పి మీద ఆయన బరువు వేసుకుని. లేదంటే ఉద్యోగం మానుకున్న కోడలు. డబ్బున్న ఇంట్లో అయితే నెలజీతం మీద పెట్టిన అటెండెంట్. "నాన్నా, మీరేం కదలకండి, డబ్బు పంపిస్తాను, మంచి మనిషిని పెట్టుకోండి" అని డల్లాస్ నుంచో బెంగళూరు నుంచో కొడుకు వీడియో కాల్‌లో చెబుతాడు. నలభై ఏళ్లకే తన కండ తగ్గకూడదని జిమ్‌లో డబ్బు కట్టిన కొడుకే తండ్రికి చెప్పే మాట అది. తండ్రి మీద ప్రేమ లేక కాదు. తనకు తెలిసిన నిజం తండ్రికి కూడా వర్తిస్తుందని అతనికి తోచదు.

కాబట్టి "నా ఒళ్లు, నా ఇష్టం, నేను కూర్చుంటాను" అనే మాట చెల్లదు. ఆ పదేళ్ల విశ్రాంతి ఖరీదు తర్వాతి పదేళ్లు వేరేవాళ్ల వెన్నెముకలు చెల్లిస్తాయి. చాలాసార్లు అవి ఆడవాళ్ల వెన్నెముకలు. మగవాడు వయసొచ్చాక ఒళ్లు గట్టిగా ఉంచుకోవడం షోకు కాదు, ఇంట్లోవాళ్ల పట్ల బాధ్యత. ట్రాక్‌ప్యాంటు వేసుకుంటే నలుగురూ నవ్వుతారని జంకేవాళ్లకు చెప్పేది ఒక్కటే. ఆ నలుగురిలో ఒక్కరు కూడా మిమ్మల్ని బాత్రూముకు తీసుకెళ్లడానికి రారు.

7. "ఇంకెన్నాళ్లు బతుకుతాం కనక?"

వ్యాయామం చేస్తే నూరేళ్లు బతుకుతారని అమ్మేవాళ్లను నమ్మకండి. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో 70 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 1,567 మందిని ఐదేళ్లు పరిశీలించారు. పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లకూ, మామూలు సూచనలు మాత్రమే అందుకుని తమంతట తాము కదిలినవాళ్లకూ మరణాల్లో స్పష్టమైన తేడా కనిపించలేదు. నూరేళ్ల వయసులో 2011లో టొరంటో మారథాన్ పూర్తిచేసిన పంజాబీ ఫౌజా సింగ్ లాంటివాళ్లు అరుదు. ఆ పేరు చెప్పి ఎవరినీ ఊరించక్కర్లేదు.

నేను మాట్లాడుతున్నది ఏళ్ల లెక్క గురించి కాదు. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉన్న, కదలడం మానేసిన 1,635 మందిని రెండు బృందాలు చేసి రెండున్నరేళ్లకు పైగా చూశారు. ఒక బృందానికి ఆరోగ్యం మీద పాఠాలు, ఇంకోదానికి నడక, కాళ్ల బలం, నిలకడ సాధన. పాఠాలు విన్నవాళ్లలో 35.5 శాతం మంది 400 మీటర్లు నడిచే శక్తిని ఏదో ఒక దశలో కోల్పోయారు. సాధన చేసినవాళ్లలో 30.1 శాతం. తేడా చిన్నదే. కానీ 400 మీటర్లంటే మనకు వీధి చివర కూరగాయల బండి, గుడి, మందుల షాపు. అక్కడికి తన కాళ్ల మీద వెళ్లి రావడం, వెళ్లలేక కిటికీ దగ్గర కూర్చోవడం, ఈ రెంటికీ ఉన్న తేడాను శాతాల్లో చెప్పలేం.

ఒకరిచేత చేయించుకోకుండా పోవాలని మన పెద్దవాళ్లంతా దేవుణ్ణి కోరుకుంటారు. ఆ కోరిక నిజమైతే దానికి తగ్గ పని కూడా చెయ్యాలి. పొద్దున్న గుడిలో ఆ మొక్కు మొక్కుకుని, పగలంతా మంచినీళ్ల గ్లాసు కూడా ఇంకొకరి చేత తెప్పించుకునేవాడు తన మొక్కును తానే కాదంటున్నాడు.

ఇంతకీ చెయ్యవలసినది ఖరీదైనది కాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదేసి సార్లు మూడు విడతలు. గోడ దగ్గర నిలబడి మడమలెత్తడం. గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, తర్వాత పట్టు వదిలి. మెట్లు ఎక్కడం. నీళ్ల బాటిళ్లతోనో చిన్న డంబెల్స్‌తోనో మొదలుపెట్టి, తేలికైనప్పుడల్లా బరువు పెంచడం. పెంచడమే ముఖ్యం, ఏడాదంతా అదే అరకిలో ఎత్తితే ఒంటికి కొత్తగా బలం రాదు. వారానికి రెండు మూడు రోజులు ఇది, మిగతా రోజులు చురుకైన నడక.

కొడుకులకూ కూతుళ్లకూ చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. మీ నాన్నగారు చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో ఫోనులో టైమర్ పెట్టి చూడండి. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన గీత ప్రకారం 12 సెకన్లు, ఆపైన పడితే కండ బలం తగ్గుతోందని అనుమానించాలి. అలా పడితే ఆయన చేతిలోంచి సంచీ లాక్కోవడం ఆ రోజే మానండి. తన కంచం తననే తియ్యనివ్వండి, మార్కెట్టుకు ఆయన్నే పంపండి, ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చోబెట్టి కాదు, నిలబెట్టి నేర్పించండి. మూడు నెలల తర్వాత అదే కుర్చీ దగ్గర మళ్లీ కొలవండి.